వాలు మీద ఆపిన బండి

ఆ ఇంటికి అలారం గడియారంతో పని ఉండేది కాదు. పొద్దున్నే మామగారు కిందికి దిగి, తన బండి కిక్ రాడ్ మీద బూటుకాలు పెట్టి ఒక్క తన్ను తన్నారంటే, పై వాటాలో గిన్నెలు కూడా నిద్రలేచేవి. కింద మోటారుసైకిళ్ళ షోరూము, పైన ఇల్లు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ శబ్దానికి ఉలిక్కిపడేది. తర్వాత తర్వాత అది వినిపిస్తేనే పాలు పొయ్యి మీద పెట్టేది.

ఈమధ్య ఆ శబ్దం ఇంటి ముందు నుంచి రావడం లేదు. దూరంగా, వీధి చివరి వాలు అవతల నుంచి వస్తోంది.

"ఇంటి ముందు పెడితే పిట్టలు పాడుచేస్తున్నాయమ్మా. వాలు దగ్గర రేకు నీడ ఉందిగా, అక్కడే ఉంచుతున్నాను" అన్నారు మామగారు. కోడలు నమ్మింది. నమ్మకపోతే ఆయన అలక తీర్చడానికి రెండు పూటలు పట్టేది మరి.

ఆ షోరూముకి బండ్లు పంపేది తాతల కాలం నాటి కంపెనీ. ఏనుగంత బండ్లు చేసేది. ఒకప్పుడు వాటికోసం కుర్రాళ్ళు వరసలు కట్టేవారు. ఆ కుర్రాళ్ళే ఇప్పుడు జుట్టు నెరిసి షోరూముకి వచ్చి, ట్యాంకు నిమిరి, టీ తాగి వెళ్తున్నారు. నూనెల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు కానీ, అది మోకాళ్ళకి రాసుకునే నూనె. ఇంజనాయిలు అడిగేవాడే లేడు.

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అనేవారు మామగారు.

"ఆ వెయ్యి ఇచ్చి కొనేవాడేడీ మామయ్యా?" అనేది కోడలు.

వెనక షెడ్డులో మరో వరస ఉంది. పాత రైడరు ఎవరైనా పోతే, కొడుకో కూతురో ఆయన బండిని నడిపించుకుంటూ తెచ్చి "మీ దగ్గరే ఉండనివ్వండి" అని తాళం చేతిలో పెట్టి వెళ్ళేవారు. వానాకాలం వచ్చిందంటే వరస పెరిగేది. గోడవార ఇంకొక్క బండికే చోటు మిగిలింది. దాన్ని మామగారు రోజూ తనే ఊడ్చుకునేవారు.

"అక్కడ సామాన్లు పెట్టుకుందామా?" అని కోడలు ఒకసారి అడిగింది.

"అది నాదమ్మా" అన్నారాయన, చీపురు ఆపకుండానే. ఆమె సామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

బటన్ నొక్కితే స్టార్టయ్యే తేలికపాటి బండ్లు అమ్మకపోతే ఏజెన్సీ తీసేస్తామని కంపెనీ చెప్పేసింది. కొంచెం గడువు అడగడానికి ఆమె భర్త హెడ్డాఫీసుకి వెళ్ళాడు. కంపెనీ పంపిన ఒకే ఒక్క బటన్ బండి షోరూము మూల గుడ్డ కప్పుకుని ఉంది. ఆ గుడ్డ కప్పింది మామగారే. "నొక్కితే తిరిగేది మిక్సీ. బండి కాదు" అని తేల్చేశారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం ఆయన.

పాత రైడర్ల క్లబ్బుకి ఆయనే పెద్ద. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. తన బండిని తన కాలితో స్టార్టు చేయలేనివాడు అందరి ముందూ తాళం ఇచ్చేయాలి. చప్పట్లు కొట్టి, భుజం తట్టి పంపేవారు. పోయినేడు బ్యాంకాయన అలాగే ఇచ్చాడు. తర్వాత ఆయన ఎవరికీ కనిపించలేదు. ఆయన బండి మాత్రం షెడ్డులోకి వచ్చింది.

ఆ రోజు తెల్లవారకముందే వాన పట్టింది. బడి వేళకి కోడలు షట్టరు పైకి లేపుతోంది. కూతురు బుజ్జిది హెల్మెట్ పెట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. దాన్ని రోజూ బడికి దింపేది తాతయ్యే.

"అమ్మా, ఇవాళ జారుడుబండ ఇంకా బాగుంటుంది!"

"మీ బళ్ళో జారుడుబండ ఎప్పుడు పెట్టారే?"

"బళ్ళో కాదు, తాతయ్య బండే! చప్పుడు లేకుండా జర్రున పోతామా, కిందికెళ్ళాక దడదడమంటుంది!" అంటూనే నాలిక కరుచుకుని, తాతయ్య వెళ్ళిన వైపు తుర్రుమంది.

కోడలు నవ్వుకుంది. మరుక్షణం షట్టరు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. చప్పుడు లేకుండా ఎందుకు పోతారు? వాలు మీద దొర్లిస్తే గానీ ఆ బండి లేవడం లేదన్నమాట. ఆ వాలు దిగితే మెయిన్ రోడ్డు. పొద్దున పూట లారీలు ఆగవు.

చెప్పులు వదిలేసి పరిగెత్తింది. వాలు మొదటికి చేరేసరికి బండి అప్పటికే సగం దిగిపోయింది. ఇంజను దగ్గినట్టు ఒకసారి శబ్దం చేసి ఊరుకుంది. తడిసిన బ్రేకు పట్టడం లేదు. వెనక సీటులో బుజ్జిది రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొడుతోంది. కింద లారీ హారన్ మోగింది. కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

రోడ్డు అంచున ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసిన ఇసుక గుట్ట ఉంది. మామగారు హ్యాండిల్ అటు తిప్పేశారు. బండి దాంట్లో కూరుకుని పక్కకి ఒరిగింది. లారీ వాళ్ళ మీద బురదనీళ్ళు చిమ్ముతూ వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక అత్తగారు బుజ్జిదాని మోచేతి గీరుడు కడుగుతోంది. మామగారు కుర్చీలో కూర్చున్నారు. జుట్టు నిండా ఇసుక.

"ఇసుకలోకి తిప్పాను కదా! ఇంకొకడైతే లారీ కిందికి పోయేవాడు" అన్నారు. మాటలో మాత్రం బిగువు తగ్గలేదు.

"ఇంకొకడైతే పిల్లని ఎక్కించుకుని అలా దొర్లేవాడే కాదు మామయ్యా!" అంది కోడలు. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. "మీ పరువు కోసం నా బిడ్డని పణం పెట్టారు. కాలు లేవడం లేదని ఒక్క మాట చెప్తే మిమ్మల్ని ఎవరేం అనేవారు?"

"మోకాలికి రోజూ నూనె రాసేది నేనే" అంది అత్తగారు తల వంచుకుని. "కిక్ కొట్టలేరని తెలుసమ్మా. ఈ వాలు సంగతి మాత్రం నాకూ తెలీదు."

మామగారు జేబులోంచి బండి తాళం తీసి చూసుకున్నారు.

"బ్యాంకాయన తాళం ఇచ్చేటప్పుడు నా మొహంలోకి చూశాడమ్మా. వద్దంటానేమోనని. నేను చప్పట్లు కొట్టాను" అన్నారు. "తాళం ఇచ్చినవాడు ఎక్కడికి చేరతాడో నాకు తెలుసు. ఆ చోటు రోజూ ఊడుస్తున్నానుగా."

అప్పుడు బుజ్జిది వచ్చి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"తాతయ్యా, రేపు కూడా ఆడదాం కదూ?"

దాని కళ్ళలో భయమన్నది లేదు. ఆ భయం లేకపోవడమే ఆయన్ని కూల్చేసింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఆ పెద్దాయన వెక్కి వెక్కి ఏడ్చారు. కోడలికి కోపం తీరలేదు. అయినా కళ్ళు మాత్రం తడిశాయి.

ఆదివారం క్లబ్బు వాళ్ళంతా వచ్చారు. మామగారు తన బండిని తోసుకుంటూ వెళ్ళి షెడ్డులోని ఆ ఖాళీలో నిలబెట్టారు. తాళం తీసి కోడలి చేతిలో పెట్టారు. అలవాటుగా ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపారు.

"నియమం పెట్టింది నేనే, తీసేస్తున్నదీ నేనే. ఇక తాళం ఇచ్చి ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు." షోరూము మూలకి వెళ్ళి బటన్ బండి మీది గుడ్డ లాగేశారు. "మిక్సీయే, కాదనను. కానీ మోకాలు అడగదు. ఏదమ్మా, ఎక్కడ నొక్కాలో చూపించు."

ఆయన నొక్కారు. ఇంజను నెమ్మదిగా లేచింది. షోరూములో ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం, "మా ఇంట్లో చెప్పకండి గానీ, తర్వాత నేనూ ఒకసారి నొక్కుతాను" అన్నాడు.

ఈలోగా బుజ్జిది తన చిన్న హెల్మెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అందరూ కోడలి వైపు చూశారు. మామగారు మాత్రం ఆమెను చూడలేదు.

"వద్దే తల్లీ. అమ్మ చెప్పేదాకా నేను ఎక్కించుకోను. అడగను కూడా" అన్నారు.

కోడలు ఆ చిన్న హెల్మెట్ తీసుకుని బల్ల మీద పెట్టింది. గోడకున్న పెద్ద హెల్మెట్ అందుకుంది.

"ముందు నన్ను తిప్పి తీసుకురండి మామయ్యా."

వీధి చివర, వాలు మొదట్లో ఆయన బండి ఆపి ఇంజను కూడా ఆపేశారు. కింద లారీలు పోతున్నాయి. కోడలి వేళ్ళు ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి.

"రోజూ ఇక్కడే దణ్ణం పెట్టుకునేవాణ్ణమ్మా. ఈ ఒక్కరోజుకి లేవనీ అని."

ఆయన బటన్ నొక్కారు. బండిని జాగ్రత్తగా వెనక్కి తిప్పి ఇంటి దారి పట్టించారు.

"రేపు బుజ్జిదాన్ని బడికి మీరే దింపండి" అంది కోడలు, సగం దూరం వచ్చాక.

ఆమె చేతి కింద ఆయన భుజం ఇల్లు చేరేదాకా వణుకుతూనే ఉంది.