మెడూసా మొదటి చూపు

నంద్యాల బైపాస్ పక్కన సుష్మ గార్డెన్ రెస్టారెంట్ ఇంకాసేపట్లో ఓపెనింగ్. ఫౌంటెన్ దగ్గర నిలబెట్టిన మెడూసాకు మాత్రం ఇంకా కళ్లు లేవు.

"ఏందప్పా ఇది? గుడ్డి బొమ్మను తెచ్చినావ్?" అని ఓనరు సుష్మ కస్సుమంది.

మనోజ్ ఉలి తుడుచుకున్నాడు. ఆళ్లగడ్డలో తాతల కాలం నుంచి దేవుళ్లనే చెక్కుతున్న ఇల్లు వాళ్లది. "బొమ్మను నిలబెట్టినాకే కళ్లు తెరుస్తాం మేడమ్. మొదటి చూపు అద్దంలో పడాల."

"అది దేవుళ్లకి! ఇది గ్రీకు రాక్షసి, జుట్టంతా పాములే. దాని కళ్లల్లోకి చూసినోళ్లు రాయైపోతారంట."

"అయితే అద్దం తప్పకుండా పెట్టాల్సిందే."

సుష్మ పక్కకు తిరిగి నవ్వాపుకుంది. మనోజ్ ఆ వింత చూడటం ఇదే మొదలు. ఆర్డరిచ్చినప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, ఆళ్లగడ్డకొచ్చి అతన్ని తిట్టిపోయేది. పాములకు పడగలెందుకంది. బొమ్మ ముక్కుపుడక తీసెయ్యమంది. తీస్తే ముక్కే ఊడొస్తుందని చెప్పి తప్పించుకున్నాడు. ఎప్పుడైనా ఆమె రాని ఆదివారం మాత్రం అతనికి ఉలి కదిలేది కాదు. ఈ కళ్లు తెరిస్తే పని అయిపోతుంది, ఇక ఆమె రాదు. అతని దిగులంతా అదే.

ఈలోగా సుష్మ అవ్వ జయలక్ష్మమ్మ చెంబుతో వచ్చి, పాములకు పసుపు పూసి, పడగల మీద పాలు పోసింది.

"అవ్వా, అది దేవత కాదు!"

"పాములుండాయి గదా. మనకెందుకే గొడవ?"

తీరా చూస్తే మనోజ్ అద్దం మర్చిపోయి వచ్చాడు. సుష్మ విసుక్కుంటూ ఫోన్ తీసింది. "సెల్ఫీ కెమెరా చాల్లే." బొమ్మ పక్కన నిలబడి చెయ్యి చాచింది. మనోజ్ కనుపాపలు చెక్కి పక్కకు తప్పుకున్నాడు.

కళ్లు లేనన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఫోన్‌లో రెండు మొహాలకూ అవే కనుబొమలు, అదే మూతి విరుపు, అదే కోపం.

"ఇది... నా మొగం!"

"రాక్షసిని నేనెప్పుడూ చూల్లేదు మేడమ్. కోపమంటే నువ్వే గుర్తొచ్చినావ్." మనోజ్ ఉలి కింద పెట్టాడు. "కోపం లేకపోయినా నువ్వే గుర్తొస్తాండావ్. నువ్వంటే నాకు ప్రాణం."

సుష్మ కదల్లేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. గేటు బయట అతిథుల కార్లు హారన్లు కొడుతున్నాయి.

"అయ్యో, పాప రాయైపోయింది!" అంటూ అవ్వ చెంబులో మిగిలిన పాలు సుష్మ నెత్తిన కుమ్మరించింది.

సుష్మ కళ్లు తుడుచుకుని మనోజ్ వైపు చూసింది. "వచ్చే ఆదివారమూ వస్తా. తిట్టేదానికి ఇంకోటేదైనా చెక్కు."

జయలక్ష్మమ్మ బొమ్మను చూసింది, మనవరాలిని చూసింది.

"ఈ మొగాన్ని ఇన్నాళ్లు చూసినా రాయి గాలేదంటే, ఇట్లాంటోడు మల్లా దొరకడు. పట్టుకో పాపా."