గట్టు నుంచి గట్టు దాకా

"లెన్సు అమ్మమనట్లేదండీ. ఒక్క పూట ఇవ్వండి, చాలు," అంది రెబెకా.

"ఎవరి చేతికీ ఇవ్వనండీ," అన్నాను.

అమలాపురంలో మాది ఫొటో స్టూడియో. సినిమా హాల్లో ఆపరేటరుగా చేసిన మా తాతయ్య ఎబినేజర్ గారు, సినిమాస్కోప్ బొమ్మ వేసే లెన్సు నాకిచ్చి, ఎవరికీ ఇవ్వనని మాట తీసుకుని పోయారు. ఈ పిల్లేమో రోజూ ముమ్మిడివరం నుంచి బస్సెక్కి వచ్చేస్తోంది. వానకి తడిసి కౌంటరు ముందు నిలబడితే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. అంత బాగుంది మరి!

"ఆ పాత ఎనిమిది ఎంఎం కెమెరాతో ఏం తీస్తారండీ?"

"మా అమ్మమ్మ వాళ్ళ వరి ఊడ్పులండీ. గట్టు నుంచి గట్టు దాకా ఒకే వరస. ఆ బుల్లి ఫ్రేములో నలుగురే పడుతున్నారు. వెనక్కెళ్తే చీమల్లా ఉంటున్నారు. మీ లెన్సు ముందు పెడితే వెడల్పంతా నొక్కుకుని అందులోనే పడుద్ది. వచ్చే ఏడు మిషను నాట్లేనంట. ఇదే ఆఖరండీ."

"ఫోన్లో తీసుకోవచ్చు కదా?"

"మీ పెళ్ళి ఫోన్లో తీయించుకుంటారా?"

స్టూడియోవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా!

"సరే. లెన్సు నేనే పట్టుకుని వస్తాను."

"ఆయ్! అలా దారికి రండి."

ఊడ్పుల రోజు చేను గట్టు మీద కెమెరా ఆమె కంటికి, లెన్సు నా చేతుల్లో. రెండింటికీ ఫోకస్ విడివిడిగా కుదరాలి. ఉన్నది ఒకటే రీలు. చినుకులు మొదలయ్యాయి.

"ఆపేద్దామాండీ?" అన్నాను.

"నాట్లేసేవాళ్ళు ఆగేరా? మనమెందుకాగాలి?"

లెన్సు తడవకుండా పైన వంగి నిలబడ్డాను. నడుం పట్టేసింది. ఆమె ఊపిరి నా చెవి పక్కనే వినిపిస్తోంది. నడుం సంగతి మర్చిపోయాను.

రీలు ముంబైలో కడిగించుకొచ్చాక, వాళ్ళ అమ్మమ్మ కృపమ్మ గారింట్లో దుప్పటి కట్టి ప్రదర్శన. నా బస్సు ఆలస్యమైంది. ఆడవాళ్ళు తొందరపెట్టి లెన్సు లేకుండానే వేయించారట. నేను వెళ్ళేసరికి కృపమ్మ గారు మండిపడుతున్నారు.

"ఏమే, ఇదేనా నీ సినిమా? అందరం పోకచెట్లలా ఉన్నాం! తిండి లేనోళ్ళమనుకోరూ?"

రెబెకా కళ్ళలో నీళ్ళు. అయినా పట్టు వదల్లేదు. "నొక్కి తీసింది విప్పాలమ్మమ్మా. ఆయనొచ్చేడు, చూడు!"

ప్రొజెక్టరు ముందు లెన్సు పెట్టాను. వరస దుప్పటి ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంది.

"ఓలమ్మో, అందరం పడ్డామే!" అన్నారు కృపమ్మ గారు, పైటతో కళ్ళొత్తుకుంటూ. "బాబూ, తీసినా నువ్వే కావాలి, వేసినా నువ్వే కావాలి. మా పిల్ల ఎన్నిసార్లని నీ కోసం బస్సెక్కాలి?"

"నేనే వస్తానండీ," అనేశాను.

రెబెకా నా వైపు తిరిగింది. "లెన్సుతోనా?"

"అది ఉన్నా లేకపోయినా. మీ కోసం."

"అయితే ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మగారిని తీసుకుని రండి. నాకు ఇష్టమే."

గదంతా ఒకటే గోల. కృపమ్మ గారు మాత్రం దుప్పటి మీంచి చూపు తిప్పలేదు.

"వస్తాడులేవే, చేపల పులుసు పెడతాను. ముందు మా వరస ఇంకోసారి వెయ్యి, మనవడా!"