పరగడుపు తీర్థం

ఒళ్లు చెప్పేది నిజమా, అంకె చెప్పేది నిజమా అన్న సందేహం హైమను ఏళ్ల తరబడి వదల్లేదు. రోజూ దీపం పెట్టి, ఆ సందేహాన్ని దేవుడి ముందే వదిలి మోతాదుశాలకు వచ్చేది. ఎత్తుపట్నంలో ఆమె పని చిన్నది. వచ్చినవాళ్ల చేతిపట్టీని పలకకు తాకించాలి. తులనిక అనే యంత్రం దాన్నుంచి రక్తం చదివి, థైరాయిడ్ మందు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో తేలుస్తుంది. హైమ పచ్చమీట నొక్కుతుంది. ఎవరినీ ఏమీ అడగకూడదు. మాటసాక్ష్యం చెల్లదని గోడమీదే రాసి ఉంది.

బయట సముద్రపు కట్ట ఎండకి సెగలు కక్కుతోంది. లోపలికి వచ్చిన శేషారత్నం మాత్రం పైట చెవుల మీదుగా కప్పుకుని వణుకుతోంది. హైమ ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ఆమెకు హైమ గుర్తున్నట్టు లేదు.

"టీఎస్‌హెచ్ తగ్గలేదు, అంటే మందు చాలడం లేదు," అంది తులనిక. "మోతాదు మూడుసార్లు పెంచడమైనది. ఈమె మాత్రలు మింగడం లేదు. చర్మగుళిక, నూట యాభై మైక్రోగ్రాములు. మీట నొక్కండి."

గుళిక ఒకసారి చర్మం కిందికి దిగితే ఏడాది దాకా తీయరు. కడుపుతో పనిలేకుండా మందు నేరుగా రక్తంలో కలుస్తుంది.

"మింగట్లేదా?" శేషారత్నం గొంతు లేచింది. "నేను అబద్ధమాడుతున్నానంటోందా ఆ డబ్బా? దేవుడి మీద ఒట్టు, ఒక్కరోజు మానలేదు!"

హైమ వేలు మీట మీదే ఆగింది. "పరగడుపునేనా పిన్నిగారూ?"

"ప్రశ్న నిషిద్ధం," అంది తులనిక.

"పరగడుపున కాక! స్వామికి అభిషేకం చేసి, తీర్థం పుచ్చుకుని, ఆ వెంటనే మాత్ర. కాఫీ చుక్క కూడా ముట్టను."

"ఏం తీర్థం?"

"పంచామృతం. పాలు, పెరుగు, తేనె... పారబొయ్యకూడదుగా, గిన్నెడూ నేనే తాగేస్తాను. ఆయన పోయాక ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మరి అది తాగితే పరగడుపెలా అవుతుందండీ?"

"చోద్యం! తీర్థం తిండెప్పుడయింది తల్లీ? ఏకాదశి నాడూ తీసుకుంటాంగా!"

హైమకు నవ్వొచ్చింది. తన ఇంట్లోనూ తీర్థాన్ని ఎవరూ తిండి అనుకోరు. కానీ పాలు మాత్రను ఒంటికి సరిగా అందనివ్వవు. అందని మందుకే తులనిక మోతాదు పెంచుతూ పోయింది. ఇప్పుడు ఆ పెంచినదంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగితే? పట్టీ మీద గుండెజబ్బు గుర్తు ఎర్రగా వెలుగుతోంది.

"ఈవిడ మాత్రలు మింగుతున్నారు. పాలు తాగి మింగుతున్నారు. గుళిక పెడితే గుండె తట్టుకోదు."

"మాటసాక్ష్యం చెల్లదు. మీట నొక్కండి."

"నొక్కను."

తులనిక తీర్పును కాదనడానికి బల్ల కింద లక్క ముద్ర వేసిన చేతిమీట ఉంది. దాన్ని వాడినవాళ్లు మర్నాడు అదే కుర్చీలో కూర్చోరని అందరికీ తెలుసు. హైమ స్వామిని తలుచుకుని లక్క పగలగొట్టింది. గుళికను రద్దు చేసింది. మాత్రను పెంచకముందున్న డెబ్బై అయిదుకి తిప్పింది.

"కారణ సంకేతం?" అని అడిగింది తులనిక.

"సంకేతం లేదు. అడిగాను, చెప్పారు. అలాగే రాసుకో."

హాలంతా దీపాలు హెచ్చరికగా పసుపుకి మారాయి. పక్క వరసలోంచి ఒక ముసలాయన మెడ చాచి, "అమ్మాయ్, నన్ను కూడా కాస్త అడగవూ?" అన్నాడు.

"వస్తున్నా బాబాయిగారూ," అని హైమ శేషారత్నం వైపు తిరిగింది. "రేపట్నుంచి ముందు తులసి తీర్థం, ఉత్త నీళ్లు. దాంతోనే మాత్ర. పంచామృతం గంట ఆగాక. ఆరు వారాలకి మళ్లీ రక్తం చూద్దాం. ఈలోగా దడ అనిపిస్తే వెంటనే రండి."

"స్వామి ఏమీ అనుకోడంటావా?"

"గంట ఆగమంటే ఆయనకి కోపం రాదు. వస్తే ఈ డబ్బాకే."

హైమ సొరుగులోంచి ఊదారంగు ఉన్ని శాలువా తీసింది. ఏళ్ల కిందట, అంకె బాగానే ఉందని తులనిక తనను మందు లేకుండా పంపేసిన రోజున, ఇదే హాల్లో, వణుకును నమ్మి ఒకావిడ తన భుజాల మీద కప్పి వెళ్లిన శాలువా.

"ఇది మీదేనండీ," అని కప్పింది.

శేషారత్నం అంచు తడిమి చూసింది. "ఆ మూల ముడుచుకు కూర్చున్న పిల్లవి నువ్వా! మరి నీకు చలి తగ్గిందా?"

"ఇప్పుడు తగ్గింది పిన్నిగారూ," అంది హైమ, ఖాళీ సొరుగు మూస్తూ.