ఇత్తడి బిళ్ల

శనివారం పొద్దున్నే దేముడు అరుగు మీద గోనె పరిచి దాని మీద తండ్రి తుపాకీ పెట్టాడు. పక్కన భూతద్దం, కలకత్తా నుంచి తెప్పించిన ఇంగ్లిషు పుస్తకం. పాత సైనిక తుపాకులు సేకరించేవాళ్ళు వాడే పుస్తకం అది. ఏ గుర్తు ఏ ఫ్యాక్టరీది, ఏ పటాలానిది అనేది బొమ్మలతో ఉంటుంది.

పంద్రాగస్టుకి గిరిసోల పంచాయతీ రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకి సన్మానం పెట్టింది. తండ్రి అసిరయ్య ఏ పటాలంలో చేశాడో సాయంత్రంలోగా చెప్పాలి. అడిగితే అసిరయ్య గుర్తు లేదంటాడు. తుపాకీ చెబుతుందని దేముడు సర్పంచికి మాట ఇచ్చి వచ్చాడు.

పటాలం పేరు భుజానికి ఆనించే కొయ్య మీద, ఇత్తడి బిళ్లలో ఉండాలంది పుస్తకం. బిళ్ల ఉంది. పేరు లేదు.

"అమ్మా, దీన్నేటి సేసినావు?"

తవిటమ్మ చేట పక్కన పెట్టింది. "ఏటి సేత్తాను? దసరా దసరాకీ సింతపండెట్టి తోమినాను. పూజ సెంబుల్తో పాటే."

"తోమడానికి అదేటి సెంబా? పేరు మొత్తం అరిగిపోనాది!"

"మరి కిలుం పట్టినదాన్ని దేవుడి ముందరెట్టమంటావేటి?"

"ఊరుకో అత్తా," అంది దేముడి భార్య నీలమ్మ. "రెండు వారాల్నించి నీ కొడుక్కి ఆ అద్దంలో తుపాకీ తప్ప మరేటీ కనపడ్డం నేదు. నాను ఎదర నిలబడ్డా ఏ ఫ్యాక్టరీ అని అడుగుతారు."

దేముడు నవ్వలేదు. మంచం మీంచి అసిరయ్య అన్నాడు, "ఒగ్గీరా నాయినా. నాకు సన్మానమెందుకు?"

"నీకు అక్కర్నేదు. నాకు కావాల."

తూటా ఎక్కించే బోల్టు వెనక, ఇనుము మీద కుంకుమ గట్టిపడి ఉంది. ఆయుధపూజలో ఏటేటా పెట్టిన బొట్టు అది. దేముడు దాన్ని పుల్లతో గీకి గుడ్డతో తుడిచాడు. యుద్ధం నాటి తుపాకీకి అక్కడ బ్రిటిషు రాజు కిరీటం ఉండాలి. కిరీటం లేదు. మూడు సింహాలున్నాయి. కింద 1950 అని ఉంది.

పుస్తకం మూసేశాడు.

"అయ్యా, నువ్వు యుద్ధం నుంచి ఎప్పుడొచ్చినావు?"

"నలబై ఆర్లో."

"ఇది యాబైలో సేసిన తుపాకీ. ఇన్నేళ్ళూ మాకు అబద్ధం సెప్పినావా?"

"నానెప్పుడు సెప్పినాన్రా? పందులు సేను తవ్వేత్తన్నాయని లైసెన్సు తీసుకొని బరంపురంలో పాతది కొన్నాను. నీకప్పుడు ఏడేళ్ళు. మా అయ్య దీంతోటే యుద్ధం సేసినాడని బళ్ళో సెప్పొచ్చినావు. ఆ రోజు నీ నడక సూసి, కాదండానికి నాకు నోరు రానేదు."

"మరి యుద్ధంలో ఏటి సేసినావు?"

"రాళ్ళు మోసినాను. బర్మా దారిలో రోడ్డేసినాం. మాకు తుపాకీలియ్యనేదు. కావిళ్ళిచ్చినారు."

"రాళ్ళు మోసినోడికి సన్మానమేటి? సర్పంచి దగ్గర నా మొకం ఎక్కడెట్టుకోను?"

అసిరయ్య గోడ వైపు తిరిగాడు.

తవిటమ్మ లేచి వెళ్ళి భర్త భుజం మీది తువ్వాలు తీసేసింది. మెడ పక్కన కాయ. కావిడి బద్ద ఒరుసుకున్న చోట చర్మం కట్టెలా ఉంది.

"ఇలగ రా. నీ అద్దం కూడా తే," అంది కొడుకుతో. "దసరాకి ఒక్కసారి తోమితేనే ఆ ఇత్తడి అరిగిపోనాది. దీన్ని పెళ్ళైన కాడ్నించి వారం వారం నూనెట్టి రుద్దతన్నాను. ఇది అరగనేదు."

దేముడు అద్దం తేలేదు. ఆ భుజాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. దాని గురించి ఎప్పుడూ అడగలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఆ కాయ మీద చెయ్యి వేశాడు.

"ఆ రోడ్డు ఎక్కడ మొదలెట్టినారు, అయ్యా?"

అసిరయ్య గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"అదా," అన్నాడు. "సెప్తాను. ముందు ఆ తుపాకీ నోపలెట్టు. పొద్దు పోయాక పందులొత్తాయి, అప్పుడు కావాల."