రెండో కార్బ్యురేటర్

పొద్దున్నే ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు దగ్గింది, ఎగిరింది, ఆగిపోయింది. మూడు నెలలుగా ఇదే వరస.

బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. నాలుగేళ్ల సెలవులన్నీ ధారపోసి, ఇనప గొట్టాలతో చట్రం అతికించి, పాత ఇంజనెక్కించి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తన చేత్తో కట్టాడు. ఇంజను మాత్రం దారికి రావడం లేదు. దానికి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బ్యురేటర్లు రెండు. రెండూ సమానంగా పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస ఒక్కోదాని మూతి దగ్గరా, రెండో కొస చెవిలోనూ పెట్టి, ఆ బుస విని స్క్రూ తిప్పాలి.

"ఏవండీ, టీ!" మూడోసారి పిలిచింది భార్య. పలకలేదు.

గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "గోడతో చెప్పినా ఈపాటికి బీటలిచ్చేది. రెండేళ్లయింది మీరు నాకు సరిగ్గా జవాబిచ్చి! ఈ డొక్కుతోనే కాపురం చేసుకోండి. నేను మా అక్క దగ్గరికి పోతున్నా."

"ఏంటీ?"

"అరవకండి!"

"నేనెక్కడ అరిచానే!"

పనికి బయల్దేరుతున్న కూతురు ఆగింది. ఎలక్ట్రీషియను, తీగ ఎక్కడ తెగిందో వెతకడం ఆమె పని. "అమ్మా, ఒక్క నిమిషం. నాన్నా, మళ్లీ చెయ్యి, చూస్తాను."

కారుకి ఒక పక్క గోడ. ముందు కార్బ్యురేటరు మీదికి వంగితే గొట్టం కుడిచెవికి అందుతుంది, వెనకదానికి తిరిగితే ఎడమచెవికి. ఆయన విన్నాడు, వెనకదాని స్క్రూ ఇంకాస్త వదులు చేశాడు. కారు వణికింది.

"ఈ వెనకదాని గొంతే లేవదు," అని విసుక్కున్నాడు.

"దాన్ని కుడిచెవితో విను."

"నాకు నేర్పుతావా? ఇరవై ఆరేళ్లు..."

"విను నాన్నా."

విన్నాడు. గొంతు లేవదన్నది పాములా బుసకొడుతోంది. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఎడమచెవి మందగించిందని తెలుసు. ఇంతని తెలీదు. శబ్దం విని జబ్బు చెబుతాననే కదా నాకు పేరు! పోయిందని తెలిస్తే డిపోలో చక్రాలు కడగమంటారు."

ఆ చెవి దానంతటదే చావలేదు. డిపోలో రేకుల కప్పు కింద, రోజంతా హోరెత్తే ఇంజన్ల పక్కన ఆయన్ని నిలబెట్టిన పెద్దమనుషులు, చెవుల్లో పెట్టుకోడానికి ఇంత దూది ఇచ్చిన పాపాన పోలేదు.

భార్య కళ్లు తుడుచుకుంది. "నాతో అయినా చెప్పొద్దూ? నన్ను పురుగుకన్నా హీనంగా చూస్తున్నారనుకున్నాను. ఎన్నెన్ని మాటలన్నానో!"

"సగం వినబడలేదులే."

నవ్వొచ్చింది ఆమెకి, ఏడుపు ఆగకుండానే. భుజం మీద ఒక్కటిచ్చింది.

కూతురు గొట్టం అందుకుంది. అటొకసారి ఇటొకసారి విని, వెనక స్క్రూ కొద్దికొద్దిగా బిగించింది. ఇంజను కుదురుకుంది.

"సోమవారం డిపోకి నేనూ వస్తాను. ఆఫీసరుతో మాట్లాడదాం."

"నా ఒక్కడి గురించే అయితే వద్దు." నీరసంగా మెట్టు మీద కూలబడ్డాడు. "మా డిపో షెడ్డులో పద్నాలుగు మందిమి. అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం."

"మరి వాళ్ల ఇళ్లల్లో?" అడిగింది భార్య.

"ఏముందీ, కోపిష్టి మొగుళ్లనుకుంటున్నారు."

ఆమె ఆయన కుడిపక్కకొచ్చి కూర్చుంది.

"ఆ ఇళ్లెక్కడో చెప్పండి. ఆడవాళ్లతో నేను మాట్లాడతాను."