పేర్లు రాయని చీటీ

అది రెండువేల ఇరవై నాలుగు జూలై పద్నాలుగు, ఆదివారం. ఆ పొద్దున సాలూరులో ఏసుదానంగారి ఇంట్లో దిబ్బరొట్టె, బెల్లం పాకం. భార్య రాణి పోయిన ఆరేళ్లలో ఆ రొట్టె ఆయనకు సరిగ్గా కుదరడం అదే మొదటిసారి. అడుగు ఎర్రగా కాలి, లోపల మెత్తగా వచ్చింది. తీరా కూతురు స్వర్ణ ఒక ముక్క తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కంచం పక్కకు జరిపేసింది.

"ఏమీ అనుకోకు నాన్నా. రాత్రి అన్నం మిగిలిందా? దాన్లోకి రెండు ఎండు నెత్తళ్లు వేయించి పెడతావా?"

"నిన్న కాఫీ వాసనకే పెరట్లోకి పరిగెత్తావు. నెత్తళ్ల వాసన ఎలా పడుతుందమ్మా?"

ఆయన ఎగతాళికి అడగలేదు. విజయనగరం కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఏది చూసినా ఎందుకని అడగడం ఆయనకు అలవాటు.

"నాకేం తెలుసు? లోపలున్నవాళ్లని అడుగు," అంది స్వర్ణ. అనేసి గబుక్కున వంటింటి కిటికీ వైపు చూసింది. గోడకు అవతల ఉండేది మేనత్త దానమ్మ. ఆమె చెవి చాలా చురుకు.

ఇంతలో స్వర్ణ భర్త జాన్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ రొట్టె నాకిచ్చీండి మావయ్యా. మీ అమ్మాయికి మీరు ఎండుచేపలు వేయించండి. ఎవరి రుచి వాళ్లది."

జాన్‌కు మెయిన్ రోడ్డు మీద లారీ టైర్ల షాపు. ఆ ఏడు టైర్లు బాగా అమ్ముడయ్యాయని కంపెనీవాళ్లు భార్యాభర్తలిద్దరికీ మలేషియా ప్రయాణం ప్రకటించారు. ఆరు రోజులు, జూలై ఇరవై నాలుగున విశాఖపట్నంలో విమానం. ఆ కబురు వచ్చిన ఆదివారమే జాన్ చర్చిలో లేచి నిలబడి, లారీ టైర్ల మీద విమానమెక్కిస్తున్న దేవుడికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పి అందరినీ నవ్వించాడు. రెండు వారాలు తిరక్కుండా, మొన్న బుధవారం పొద్దున, స్వర్ణ చేతిలో ఆ పరీక్ష పుల్ల మీద రెండు గీతలు కనిపించాయి.

స్వర్ణ ఒక్కటే షరతు పెట్టింది. మూడో నెల నిండేవరకు తమ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఏసుదానం మాటిచ్చాడు.

ఇచ్చాడు గానీ, ఆయన గుండెల్లో ఆ సంగతి ఊరికే కూర్చోలేదు. రెండేళ్ల క్రితం ఒకసారి కడుపు వచ్చి తొమ్మిదో వారంలో పోయింది. ఇప్పుడు పైదేశం, పైగా విమానం. ఎవరితోనైనా పంచుకోకపోతే ఊపిరాడేలా లేదు. మనిషికి చెప్పనని మాటిచ్చాడు గానీ దేవుడికి చెప్పనని అనలేదు కదా.

వాళ్ల బాప్టిస్టు చర్చిలో గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. ఆరాధన మధ్యలో పాస్టరుగారు ఒక్కొక్కటే తీసి చదువుతారు. ఏసుదానం శనివారం సాయంత్రమే వెళ్లి, చుట్టూ చూసి, నాలుగు మడతలు పెట్టిన చీటీ వేసి వచ్చాడు. పేర్లు రాయలేదు కాబట్టి మాట తప్పలేదనే ఆయన లెక్క.

ఆ ఆదివారం పాస్టరుగారు మైకు దగ్గరగా జరుపుకుని చదివారు.

"మొదటిసారి పైదేశం వెళ్తున్న దంపతుల కోసం. ఆమెకిప్పుడు ఏడో వారం. ముగ్గురూ క్షేమంగా తిరిగి రావాలని."

సాలూరులో మొదటిసారి పైదేశం వెళ్తున్న దంపతులెవరో రెండు వారాల కిందటే జాన్ స్వయంగా చెప్పాడు. ఆడవాళ్ల వైపు తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఎవరో వెనకనుంచి "స్తోత్రం" అన్నారు. స్వర్ణ పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు. దానమ్మ మాత్రం తమ్ముడి వైపు చూసింది. ఆ చూపుకు ఏసుదానం కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకముందే దానమ్మ లోపలికి వచ్చేసింది.

"ఏటే స్వర్ణా, నాను పక్కింట్లో బతికే ఉన్నాను గదా! ఈ కబురు మైకులో ఇనాలా నాను?"

"అది కాదత్తా..."

"ఏది కాదే? ఏడో వారం కడుపుతో ఇమానమెక్కుతావా? ఆ టైర్లోళ్లకి బుద్ధి లేదు సరే, నీకుండొద్దా? జానూ, నువ్వైనా సెప్పవేటి? నోట్లో ఏటెట్టుకున్నావు?"

"పెద్దమ్మా, రేపు డాక్టరమ్మ స్కాన్ తీస్తానన్నాది," అన్నాడు జాన్ మెల్లగా. "ఆవిడ వద్దంటే మానేస్తాం. అక్కడేటి మా తాత ఎదురు సూస్తన్నాడా?"

"ఆవిడ సెప్పేదేటి, నాను సెప్తన్నాను. మొన్నటిది అప్పుడే మర్సిపోనారా?"

ఆ మాటతో జాన్ నవ్వు ఆగిపోయింది. స్వర్ణ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"మర్చిపోలేదత్తా. మొన్నప్పుడు నేనెక్కడికెళ్లాను, చెప్పు? గుమ్మం దాటనిచ్చావా? తలారా స్నానం చెయ్యనిచ్చావా? ఇరవై రెండు రోజులు ఆ గదిలో మంచం మీదే ఉన్నాను. నువ్వు ఎలా పడుకోమంటే అలా పడుకున్నాను. అయినా పోయింది కదా!"

దానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ మంచికే గదే..." అంది.

"నీ మీద కోపం లేదు," అంది స్వర్ణ. అప్పుడు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నిన్నొక్కడినే కదా నమ్మాను."

"నేను ఏ మనిషికీ చెప్పలేదమ్మా. దేవుడితోనే..."

"దేవుడికి మైకు కావాలా నాన్నా?"

ఆమె గదిలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనాలు ఎవరివి వాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ముగించారు. జాన్ షాపు తాళాలు తీసుకుని, ఆదివారం షాపు మూత అని గుర్తొచ్చి, మళ్లీ మేకుకు తగిలించి అరుగు మీద కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఏసుదానం ఉప్పు వేసిన నిమ్మరసం గ్లాసుతో గది తలుపు తట్టాడు.

"వాదించడానికి రాలేదమ్మా. ఒక్కటి తెలీక అడుగుతున్నాను. తిట్టినా పర్లేదు. నలుగురికీ తెలిస్తే నీకు బాధేమిటి?"

స్వర్ణ గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. కడుపులో నిలిచింది. దానికే ఆయనకు ప్రాణం కాస్త కుదుటపడింది.

"మొన్నసారి అందరికీ చెప్పాం నాన్నా. పోయిందని తెలిసి చర్చి ఆడవాళ్లంతా వచ్చారు. బ్రెడ్డు, యాపిల్ పళ్లు తెచ్చారు. పాపం మంచివాళ్లే. కానీ వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను మొదటినుంచి చెప్పాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ముందు నొప్పి వచ్చిందా, రక్తం కనిపించిందా. చెప్పిన ప్రతిసారీ అది ఇంకోసారి పోయేది. పోయిందని తెలియనివాళ్లు మిగిలారు చూడు, వాళ్లతోనూ బాధే. రెండు నెలల తర్వాత కూరగాయల బజారులో ఒకావిడ నా బుగ్గ గిల్లి, ఇప్పుడెన్నో నెలమ్మా అంది."

ఏసుదానానికి ఆ రోజులు బాగా గుర్తున్నాయి. వచ్చినవాళ్లందరికీ ఆయనే కాఫీ కలిపాడు. ఇంతమంది వస్తున్నారు, నా కూతురు ఒంటరిది కాదని మురిసిపోయి, అయిపోయిన పాలపొడికి మళ్లీ బజారుకెళ్లాడు కూడా. వంటింట్లోంచి ఆయనకు వినిపించింది ఓదార్పే. ఈ గదిలో ఆమె ఎన్నిసార్లు చెప్పిందో ఆయన లెక్కపెట్టలేదు.

"నాకు తెలీలేదు తల్లీ," అన్నాడు.

"నువ్వెప్పుడూ అడగలేదు."

అవును. అన్నిటినీ ఎందుకని అడిగే మనిషి, అది మాత్రం అడగలేదు. ఏమంటుందోనని భయపడ్డాడు. కిటికీ ఊచ పట్టుకుని, ఈసారి ఆలస్యం చెయ్యకుండా అడిగాడు.

"వెళ్లాలని ఉందా? జాన్ కోసం కాదు, టికెట్లున్నాయనీ కాదు. నీకు ఉందా?"

స్వర్ణ పైకి చూసింది. ఫ్యాను కొక్కెం పక్కన, ఎప్పుడో వాన దిగి ఏర్పడిన గోధుమరంగు మరక ఉంది.

"ఆ మరక ఏనుగులా ఉంటుంది. చూశావా? ఆ ఇరవై రెండు రోజులూ దాన్నే చూశాను." ఆమె మాట సన్నబడింది. "భయంగానే ఉంది నాన్నా. కానీ ఇది నాతో ఎన్నాళ్లుంటుందో నాకు తెలీదు. ఉన్నన్నాళ్లు ఏదైనా చూపించాలనుంది. ఆ మొదటిదానికి ఈ సీలింగు తప్ప నేనేం చూపించలేదు."

ఏసుదానం కూడా తలెత్తి చూశాడు. తొండం, రెండు చెవులు, నిజంగానే ఏనుగు. ఇన్నాళ్లూ ఆ గదిలో మంచాలు సర్దుతూ, బట్టలు మడతపెడుతూ తిరిగాడు గానీ ఒక్కసారీ పైకి చూడలేదు. కళ్లజోడు తీయకుండానే వేలితో కింది నుంచి కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక పని చేద్దాం. చీటీ వేసింది నేను కాబట్టి, ఇకమీద ఎవరేం అడిగినా జవాబు నాది. ఏ కబురైనా సరే. మంచిదైనా, కాకపోయినా. గేటు దగ్గరే నిలబడి నేను చెప్తాను. నీ నోటితో ఎవరికీ ఒక్క మాట చెప్పనక్కర్లేదు."

స్వర్ణ ఆయన చెయ్యి పట్టుకుంది. వదలకుండానే మిగిలిన నిమ్మరసం తాగేసింది.

సోమవారం విజయనగరం వెళ్లడానికి జాన్ కారు తీసేసరికి, ముందు సీట్లో వైరు బుట్ట ఒళ్లో పెట్టుకుని దానమ్మ కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ దిగమనలేదు.

డాక్టర్ అరుణశ్రీ స్కాన్ తెరను వాళ్ల వైపు తిప్పింది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. మధ్యలో ఏదో మినుకుమినుకుమంటోంది.

"అదేటి, అలా కొట్టుకుంటన్నాది?" అంది దానమ్మ.

"గుండె."

"అప్పుడేనా!"

గర్భం ఉండాల్సిన చోటే ఉందనీ, ప్రయాణానికి అడ్డేమీ కనిపించడం లేదనీ డాక్టర్ చెప్పింది. విమానంలో గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి, బెల్టు పొట్ట కిందికి పెట్టుకోవాలి, మెట్లెక్కే పందేలు వద్దు. నొప్పి వచ్చినా రక్తం కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రిపోర్టులు, తన ఉత్తరం చేతిసంచిలోనే ఉండాలి. ఏసుదానం అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. దానమ్మ మాత్రం కదల్లేదు.

"డాక్టరమ్మా, ఇంట్లోనే ఉంచేస్తే నిలుస్తాదా? అది సెప్పు."

"ఇంట్లో ఉంటే నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేనమ్మా. వెళ్తే పోతుందనీ అనలేను. మొదటి వారాల్లో పోయేవి చాలావరకు ఎవరి తప్పూ కాదు."

దానమ్మ బుట్ట పిడిని మెలిపెట్టింది. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా అంది.

"మొన్నప్పుడు నాను దీనికి నువ్వులుండ ఎట్టినాను. అడిగిందని ఒక్కటే. వేడి సేస్తాదని తెలిసీ ఎట్టినాను. మర్నాడే..."

అది తన తప్పేనని ఆమె అనుకుంటోందని ఇంట్లో మిగతా ముగ్గురికీ అప్పటిదాకా తెలియదు. రెండేళ్లు ఆమె పక్కింట్లో దాన్ని మోస్తూ కూర్చుంది. స్వర్ణను ఈసారి గడప దాటనివ్వనని ఎందుకంతగా గింజుకుందో ఏసుదానానికి అప్పుడు అర్థమైంది.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఒక్క నువ్వులుండ అంత పని చెయ్యదమ్మా. నమ్మండి."

స్వర్ణ బల్ల మీద నుంచి దిగి వచ్చి మేనత్తను గట్టిగా కావలించుకుంది. "అత్తా, ఆ ఇరవై రెండు రోజుల్లో నాకు రుచిగా అనిపించింది ఆ ఒక్కటే."

"ఊరుకోవే," అంటూనే దానమ్మ ఏడ్చింది. కారులో తిరిగి వచ్చేటప్పుడు ముక్కు చీదుకుని, బుట్టలోంచి కాగితం పొట్లం తీసింది. "నెత్తళ్లు ఏయించి తెచ్చినాను. ఎల్లేటప్పుడు ఇంకా కట్టిస్తాను. ఇమానంలో ఇప్పమంటే ఇప్పకు, అందరూ దిగిపోతారు."

"గాల్లో ఎక్కడికి దిగుతారు పెద్దమ్మా?" అన్నాడు జాన్. నిన్నటి గొడవ తర్వాత మొదటిసారి కారంతా నవ్వింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఏసుదానమే అందరికంటే ముందు నిలబడ్డాడు. అడిగినవాళ్లందరికీ, బాగానే ఉంది, ప్రార్థన చెయ్యండి, అమ్మాయిని మాత్రం అడక్కండి అని చెప్పాడు. ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు. ఎక్కువమంది తలూపి, స్వర్ణకు వందనాలు చెప్పి, వానల గురించి మాట్లాడి వెళ్లిపోయారు.

స్వర్ణ, జాన్ మలేషియా వెళ్లిన నాలుగో రోజు రాత్రి భోజనాల వేళకు వీడియో కాల్ వచ్చింది. దానమ్మ తమ్ముడి భుజం మీద నుంచి ఫోనులోకి దూరింది.

"మబ్బులు దగ్గర్నుంచి ఎలాగున్నాయే?"

"ఏకిన దూదిలా ఉన్నాయత్తా. రెండుసార్లు వాంతయింది. ఇప్పుడు పర్లేదు. నాన్నా, ఒక విచిత్రం! ఇక్కడ హోటల్లో వడ్డించే ఒకావిడ, నేను రెండు పూటలు ఏం తినకపోవడం చూసి దగ్గరికొచ్చి, 'ఏటమ్మా, ఒంట్లో ఇసేసమా?' అంది. అచ్చం అత్త అన్నట్టే! వాళ్ల ముత్తాతది పాలకొండ వైపట. నేను ఒక్క మాట చెప్పలేదు, ఆవిడ ఒక్క ప్రశ్న మళ్లీ అడగలేదు. గంజి, దాని మీద వేయించిన నెత్తళ్లు తెచ్చి పెట్టి వెళ్లిపోయింది."

"అక్కడా నెత్తళ్లు ఉన్నాయా?" అన్నాడు ఏసుదానం ఆశ్చర్యంగా.

"ఉన్నాయి నాన్నా. గిన్నె ఖాళీ చేశాను. పొద్దున్న ఇద్దరం సముద్రం దగ్గర కూర్చున్నాం." ఒక క్షణం ఆగింది. "ముగ్గురం."

ఫోను పెట్టేశాక దానమ్మ ముందుగదిలో మంచం వాల్చుకుంది. వాళ్లు వచ్చేవరకు ఇక్కడే పడుకుంటానని వచ్చిందామె. మబ్బుల గురించి ఇంకో ప్రశ్న వేసి, జవాబు వినకముందే నిద్రలోకి జారుకుంది.

ఏసుదానం కంచాలు కడిగి, కూతురి గది లోపలికి తొంగిచూశాడు. మంచం మీద దుప్పటి చక్కగా పరిచి ఉంది. పైన ఏనుగు ఒంటరిగా ఉంది. వచ్చేనెల సున్నం వేయిద్దామా అనుకున్నాడు. వద్దు, అమ్మాయినే అడుగుదాం అనుకున్నాడు. దీపం ఆర్పి, అక్క నిద్ర చెడకుండా గడియ చేత్తో ఆపి పట్టుకుని, ఆ గది తలుపు మెల్లగా మూశాడు.