మైనం పూసిన పొడి

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. కాకి అని మారుపేరున్న ఏజెంటు ఒకడుండేవాడు. మంచినీళ్ల ప్లాంటులో కెమిస్టుగా పనిచేసే అతని మేనమామను ఆ పొద్దున ఎవరో మట్టినీళ్ల డ్రమ్ములో తలకిందులుగా ముంచి చంపేశారు. బాస్ ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా పని. మీ మామయ్య ఆఖరి మెసేజ్: మునిగేది మనది, తేలేది వాళ్లది. పన్నెండింటికి నీళ్లు తేర్చే మట్టిపొడి కొత్త బస్తా ట్యాంకులో పోస్తారు. ఏడవడానికి తర్వాత టైముంటుంది."

ఆ నీళ్లు మొదట చేరేది కాకి కూతురు చదివే బడికే.

ఊడ్చేవాడి వేషంలో లోపలికెళ్లాడు. మామయ్య మాట ఇట్టే అర్థమైంది. ప్లాంటులో వేసే మట్టిపొడికి నీళ్లంటే ప్రాణం. తడిసి, మురికిని వెంటేసుకుని అడుక్కి పోతుంది. విషప్పొడికి మైనం పూత పూస్తే అది చచ్చినా తడవదు. పైపైనే తేలి, తేటనీళ్లతోపాటు పైపుల్లోకి జారుకుంటుంది.

ల్యాబ్‌లో ముత్యాల దండ వేసుకున్న మేడమ్ ఎదురొచ్చింది. సినిమాతారలా ఉంది.

"ఇవాళ గాలి లేదు," అంది. అదే కోడ్. మనవాళ్ల మనిషన్నమాట.

బస్తాలోంచి ముందే తీసి ఉంచిన పొడి చూపించి, గ్లాసు తనే కడిగి నీళ్లు పోసిచ్చింది. కాకి చిటికెడు వేశాడు. మునిగింది.

"చూశావా? మంచిదే. మీ మామయ్యకి చాదస్తం ఎక్కువ."

కాకి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు కనిపించింది, గ్లాసు అంచున సన్నటి నురగ. సబ్బు! జిడ్డుగిన్నె సబ్బుకి లొంగినట్టే మైనం పొడీ లొంగి మునిగిపోతుంది. సీసా మూతలో కుళాయి నీళ్లు పట్టి, మిగిలిన పొడి చల్లాడు. అది తోలులా పైన నిలిచింది. వేలు గుచ్చితే వేలు తడవనే లేదు.

ల్యాబ్ తలుపుకి బయట గొళ్లెం పెట్టి పరుగెత్తాడు. పన్నెండు గంటలు కొడుతుండగా, ట్యాంకు మీదికి వంగిన బస్తాను కాలితో తన్ని నేలకి పడేశాడు.

తిరిగొచ్చేసరికి మేడమ్ కిటికీ ఊచలు పీకుతోంది. కాకి చీపురు కర్రలో దాచిన తుపాకీ ఆమె మీదికి తిప్పాడు.

"మామయ్యని మీరేనా?"

"ముసలాడే గానీ ఎంతసేపు తన్నుకున్నాడో!" అని నవ్వింది.

"ఈ గ్లాసులోది మంచిదే అన్నారుగా. తాగండి."

"నువ్వు నన్ను అరెస్టు చెయ్యాలి!"

"చేస్తాను. ముందు తాగండి."

తాగింది. కాకి స్టూలు మీద కూర్చుని, ఆమె కాళ్లు ఆడడం ఆగేదాకా చూశాడు. తర్వాత బాస్‌కి ఫోన్ చేశాడు.

"టెస్ట్ అయింది సార్. మేడమ్ రిపోర్టు తప్పు."

గుర్తుపెట్టుకుని మీ పిల్లలకి చెప్పండి. బడి బతికిందని చెప్పండి. కాకి మంచివాడని మాత్రం చెప్పకండి.